గాయం లేని దుప్పి

నా పై వరుసలో ఎడమవైపు నాలుగు పళ్ళు ఆయన చేసినవే. పెట్టించుకుని ఎనిమిదేళ్ళయింది. నేను నవ్వితే అవి నావి కావని ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆయన్ని ఊరంతా పళ్ళబావ అంటుంది. నిజానికి ఆయన ఒక్కడికే బావ, భార్య తమ్ముడికి. ఆ బావమరిదికి టైర్ల షాపుంది. మనిషి కంటే గొంతు ముందొస్తుంది. నలుగురిలో "మా పళ్ళబావ, మా పళ్ళబావ" అని పిలిచి పిలిచి అందరికీ అలవాటు చేసేశాడు. ఇప్పుడు డెబ్భై ఏళ్ళ ముసలావిడ కూడా క్లినిక్కు మెట్లెక్కి "పళ్ళబావ ఉన్నాడా అమ్మా?" అని అడుగుతుంది. ఈయన సిగ్గుపడుతూ బయటికొస్తాడు.

క్లినిక్కు ముందు గదిలో డాక్టరుగారు పళ్ళు పీకుతారు, వెనక గదిలో ఈయన పళ్ళు చేస్తాడు. ఆ వెనక గది వెడల్పు రెండు బారలుండదు. ఒక కిటికీ, ఒక పొడవాటి బల్ల, మైనం కరిగించే చిన్న గ్యాసు పొయ్యి, పళ్ళు నున్నగా చేసే చక్రం, అన్నిటి మీదా తెల్లటి పిండిలా ప్లాస్టరు దుమ్ము. గోడకున్న అరల్లో ఊళ్ళో సగంమంది దవడలు ప్లాస్టరులో వరసగా నోరు తెరుచుకుని ఉంటాయి. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. దారిలో మనిషి ఎదురైతే ఆయనకు చప్పున గుర్తు రాదు. ఆ మనిషి నవ్వితే గుర్తొస్తుంది. నిద్రలో పళ్ళు కొరికేదెవరు, ఒకవైపే నమిలేదెవరు, కోపం దిగమింగేదెవరు, అన్నీ అరుగుదల చూసి చెబుతాడు. వాళ్ళావిడ ఇంట్లో బట్టలు సరిచేసి కుడుతుంది. ఆవిడ ముందుపన్ను అంచున దారం కొరికి కొరికి పడిన గాటుంది. పెళ్ళిచూపుల్లో ఆ గాటు చూసే ఒప్పుకున్నానని ఆయన అంటాడు. "మరి మొహం చూడలేదా?" అని ఆవిడ అడిగితే నీళ్ళు నములుతాడు.

ఇలాంటి మనిషి వేటకెళ్ళడమేమిటని మీకు అనిపించవచ్చు. అది బావమరిది పని. మా ఊరి అవతల అడవిలో ఏడాదికి రెండు నెలలు లైసెన్సున్నవాళ్ళకి దుప్పుల వేటకి అనుమతి ఉంది. పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం తెల్లవారకముందే బావమరిది తలుపు బాది "లే బావా, అడవికి పోదాం" అన్నాడు. కాదనలేక వెళ్ళాడు. ఆ తర్వాత ప్రతి సీజనులో ప్రతి ఆదివారం వెళ్తూనే ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళలో మూడుసార్లు తుపాకీ పేల్చాడట. రెండు గుళ్ళు ఆకాశంలోకి పోయాయి, మూడోది ఓ చెట్టుకి తగిలింది. ఆయనకి కావలసింది నడక. తడిసిన ఆకుల మీద నాలుగైదు గంటలు మాట్లాడకుండా నడవడం. మిగతావాళ్ళు కొట్టిన జంతువుల పుర్రెలు ఉడికించి శుభ్రం చేసిపెట్టడం ఆయన వంతు. ఆ పని ఆయనలా ఇంకెవరూ చేయలేరని జట్టులో మిగతా ఆరుగురూ ఒప్పుకునేవారు.

ఆ ఏడు సీజను మొదలైన రెండో ఆదివారం. ఏడుగురూ వాగు మలుపు దగ్గరికొచ్చేసరికి మంచు ఇంకా విడలేదు. ముందు నడుస్తున్న బావమరిది చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. నలభై అడుగుల దూరంలో, గడ్డిలో, పెద్ద మగ దుప్పి కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. కొమ్ములు చూడగానే ఏడుగురికీ తెలిసింది. అది 'పెద్దాయన'. వాళ్ళు పెట్టుకున్న పేరే. నాలుగు సీజన్లుగా దాని అడుగులు చూస్తున్నారు, దూరం నుంచి రెండుసార్లు చూశారు, ఒక్కసారీ అందలేదు. బావమరిది తుపాకీ ఎత్తి గురి చూసుకున్నాడు. కాసేపు చూశాడు. అది కదల్లేదు. మెల్లిగా ఈల వేశాడు. చెవి కూడా ఆడలేదు. అప్పుడు తుపాకీ దించి దగ్గరికి నడిచాడు.

చచ్చిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. గడ్డం నేలకానించి, పడుకునే ముందు ఒక్కసారి చుట్టూ చూసుకున్నట్టుంది. ఒళ్ళంతా వెతికారు. గుండు దెబ్బ లేదు, పంటి గాటు లేదు, రక్తపు చుక్క లేదు. చుట్టూ గడ్డి నలగలేదు. ఎవరితోనూ పెనుగులాడలేదు. బావమరిది టోపీ తీసి దాని పక్కన కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటూ "దోమ పడింది" అన్నాడు. ఆ చలికి దోమలెక్కడివని ఎవరూ అడగలేదు.

"కొమ్ములైనా తీసుకెళ్దామా?" అన్నాడొకడు.

"ఎలా తీసుకెళ్తాను? నేను కొట్టింది కాదుగా" అన్నాడు బావమరిది.

తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. మామూలుగా ఇలాంటప్పుడు నోరు విప్పని పళ్ళబావే ఆ రోజు నోరు విప్పాడు. "మందు కొట్టిన గడ్డి తిన్నదేమో" అన్నాడు.

బావమరిది తలెత్తి వాగు అవతలికి చూశాడు. అవతల కంచె. కంచె వెనక వరసలు వరసలుగా పళ్ళ తోట.

ఆ తోటాయనకీ వీళ్ళకీ అంతకుముందు ఏడు ఒక గొడవ అయింది. దెబ్బతిన్న దుప్పి ఒకటి తోటలోకి దూకితే వీళ్ళు కంచె తీగ కత్తిరించి లోపలికెళ్ళారు. తోటాయన ఫిర్యాదు చేశాడు. ఏడుగురి లైసెన్సులూ నెలరోజులు ఆగిపోయాయి. ఆ నెలంతా బావమరిది ఆదివారాలు ఇంట్లో కూర్చుని పెళ్ళాంతో పోట్లాడాడు. ఆ కోపం లోపల ఉండనే ఉంది.

తర్వాతి ఆదివారం వాగు ఒడ్డునే రెండు ఆడ దుప్పులు చచ్చిపడి కనిపించాయి. ఆ మధ్యలో ఇంకో జట్టువాళ్ళకి ఒకటి కనిపించింది. మూడో వారం నీళ్ళలో ఒక చిన్నది. దేని మీదా దెబ్బ లేదు. టైర్ల షాపులో అదే మాట. బుధవారం నాడు 'తిన్నదేమో'గా ఉన్న మాట శుక్రవారానికి 'తిన్నది' అయింది. ఆదివారానికి 'పెట్టాడు' అయి కూర్చుంది. అంతకంటే ఎవరికీ ఏమీ తెలియదు.

దుకాణాలవాళ్ళు ఆ తోట పళ్ళు తీసుకోవడం మానేశారు. ఒక సోమవారం పొద్దున తోట గేటు విరిగి దారిలో పడి ఉంది. మట్టిలో బండి చక్రాల గుర్తులున్నాయి. ఎవరివో ఎవరూ అడగలేదు.

తోటాయన కూతురు ఆ క్లినిక్కులోనే పని చేస్తుంది. ముందు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునేది, ఫోను ఎత్తేది, చేసిన పళ్ళ సెట్లు పెట్టెలో పెట్టి మనకిచ్చేది ఆ అమ్మాయే. "నాన్న పండించే పళ్ళూ, బాబాయ్ చేసే పళ్ళూ రెండూ నా చేతుల మీదుగానే పోవాలి" అని నవ్వుతుండేది. పళ్ళబావని బాబాయ్ అనేది. ఆ వారం మాత్రం నవ్వు లేదు. వచ్చినవాళ్ళు ఆ అమ్మాయిని చూసి గుసగుసలు. ఒకావిడైతే మొహం మీదే అనేసింది: "మీ నాన్నకి ఆ మూగజీవాలేం చేశాయమ్మా?"

మధ్యాహ్నం ఆ అమ్మాయి వెనక గదికొచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"బాబాయ్, మీరు కూడా మా నాన్నే చేశాడనుకుంటున్నారా?"

పళ్ళబావ పొయ్యి మీద మైనం పెట్టి ఉన్నాడు. "పని ఉందమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మైనం మాడి పొగలొచ్చేదాకా ఆయన అటే చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ఒక స్కూలు మాస్టారి కింది వరస మొత్తం పాడైపోయింది. అన్నేళ్ళ పనిలో అదే మొదటిసారట.

"నేనే కదా అన్నాను" అని ఆ సాయంత్రం భార్యతో చెప్పాడు. "ఆ మాట నేనే కదా మొదట అన్నాను."

"అన్నావు. ఇప్పుడేం చేస్తావు?" అంది ఆవిడ, దారం కొరుకుతూ.

గురువారం క్లినిక్కుకి సెలవు. ఒక్కడే బస్సెక్కి అడవి దారిన దిగి వాగు మలుపుకి నడిచాడు. మూడు వారాల్లో పెద్దాయనలో పెద్దగా ఏమీ మిగల్లేదు. నక్కలూ పక్షులూ తమ పని చేసుకుపోయాయి. తల ఉంది. ఆయన జేబురుమాలు ముక్కుకి కట్టుకుని కింది దవడ విడదీసి సంచిలో వేసుకున్నాడు. తిరుగు బస్సులో పక్కన ఎవరూ కూర్చోలేదు.

"ఇంట్లో మనుషుల దవడల గొడవ చాల్లేదా?" అంది వాళ్ళావిడ. అయినా తనే పెరట్లో పాత రంగు డబ్బాలో నీళ్ళు పోసి పొయ్యి రాజేసింది, ముక్కుకి బట్టలారేసే క్లిప్పు పెట్టుకుని.

మర్నాడు డాక్టరుగారు రాకముందే దవడని తన బల్ల మీద దీపం కింద పెట్టి చూశాడు. కుర్చీ లాక్కుని దీపం ఇంకా దగ్గరికి జరిపాడు. నమిలే పళ్ళు అరిగి అరిగి గచ్చునేలలా నున్నగా ఉన్నాయి. రెండు చిగుళ్ళ దాకా విరిగిపోయాయి. ఒకటి ఎప్పుడో ఊడిపోతే ఆ చోట ఎముక పూడుకుపోయింది. ఇంకోదాని అడుగున ఎముకలో చీము తొలిచిన కన్నం, చిటికెన వేలు దూరేంత. ఇలాంటి దవడలు ఆయన వేలసార్లు చూశాడు. ఇలాంటి నోళ్ళతో మనుషులు రోజూ వస్తారు. 'మెత్తటిది తప్ప ఏదీ తినలేకపోతున్నాను బాబూ' అంటారు. వాళ్ళకి ఆయన పళ్ళు చేసిపెడతాడు. దీనికెవరు చేసిపెడతారు? వాగు పక్కన మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డి మధ్యలోనే అది తిండి లేక చచ్చిపోయింది.

దవడని గుడ్డలో చుట్టుకుని పరుగున టైర్ల షాపుకెళ్ళాడు. బావమరిది జాకీ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, దవడ అటూ ఇటూ తిప్పి చూశాడు. బావ చెప్పిందంతా విన్నాడు.

"సరే బావా. పెద్దాయన ముసలాడు, పళ్ళు పోయాయి, పోయాడు. ఒప్పుకుంటాను. మరి మిగతా నాలుగు? ఆ చిన్నదానికి పళ్ళు అరిగాయా?"

పళ్ళబావ ఆ దవడని మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నాడు.

ఆ ఆదివారం ఇంకో ఆడ దుప్పి కనిపించింది. వాగులోకి మెడ చాచి, నీళ్ళు తాగుతూ తాగుతూ వాలిపోయినట్టుంది. ఒంట్లో వేడి ఇంకా ఉంది. మిగతావాళ్ళు తిట్టుకుంటూ ముందుకెళ్ళిపోయారు. పళ్ళబావ మాత్రం అక్కడే ఉండి అటవీ శాఖ ఆఫీసరమ్మకి ఫోను చేశాడు. ఆవిడ రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ సన్నటి వానలో గొడుగు పట్టుకుని, కాకులు కళ్ళు పొడవకుండా దాని పక్కన కూర్చున్నాడు. ఊరుకోలేక దాని నోరు తెరిచి చూశాడు. మూడేళ్ళది ఉంటుంది. చక్కటి పళ్ళు, ఒక్కటి అరగలేదు. నాలుక మాత్రం ఉబ్బి నల్లబడింది.

ఆఫీసరమ్మ చేతులకి తొడుగులు వేసుకుని కత్తితో పని మొదలుపెట్టింది. రక్తం, కాలేజం ముక్క, కడుపులోని మేత ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో వేసి మూత బిగించింది. ఆయన గొడుగు ఆవిడ మీద పట్టుకున్నాడు.

"మందేనంటారా మేడమ్?"

"చూడకుండా ఎలా చెప్పమంటారు? దుప్పులకి వచ్చే జబ్బొకటుంది, చిన్న చిన్న పురుగులు కుట్టడం వల్ల వస్తుంది. అదై ఉండొచ్చు. కాకపోయి ఉండొచ్చు."

"ఇన్ని చావులు ఎప్పుడూ చూడలేదండీ."

"మీరు చూడలేదంతే" అంది ఆవిడ సీసా మీద తేదీ రాస్తూ. "మీరు అడవికొచ్చేది రెండు నెలలు. మిగతా పది నెలలు ఏవి ఎక్కడ చస్తున్నాయో మాకే సరిగ్గా తెలీదు. జబ్బు చేస్తాయి, కొమ్ములు ఇరుక్కుని చస్తాయి, గుండె ఆగి చస్తాయి. చాలావాటిని రెండు రోజుల్లో అడవే మాయం చేసేస్తుంది. మీకు కనపడేది ఏ వందలోనో ఒకటి. అది చూసి ఎవరో చంపారనుకుంటారు."

ఆ మాట ఆయన్ని వదల్లేదు. పంతొమ్మిదేళ్ళు నడిచిన అడవి. అక్కడ చావంటే తుపాకీ చప్పుడే అనుకున్నాడు. తాము లేనప్పుడు కూడా అక్కడ పుట్టేవి పుడుతూ, పోయేవి పోతూ ఉన్నాయని ఎన్నడూ తలచుకోలేదు.

అడవి నుంచి తిన్నగా తోటకి వెళ్ళాడు. గేటు స్థానంలో తాడు కట్టి ఉంది. తోటాయన నిచ్చెన మీద ఉండి కొమ్మలు కత్తిరిస్తున్నాడు. ఈయన్ని చూసి కూడా దిగలేదు.

"ఏం కావాలి?"

"ఒక మాట చెప్పి పోదామని వచ్చానండీ. మందు అన్న మాట మొదట నా నోటి నుంచే వచ్చింది. మీ పేరు నేను అనలేదు. కానీ మాట నాదే."

కత్తెర ఆగింది.

"ఎందుకన్నారు?"

"ఎందుకో నాకే తెలీదండీ. ఏదో ఒకటి అనాలని అన్నాను."

"ఏదో ఒకటి" అన్నాడు తోటాయన. "ఆ గట్టు కింద పళ్ళు చూడండి, కుళ్ళిపోతున్నాయి. మా అమ్మాయి రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. ఇది మీ 'ఏదో ఒకటి'. చెప్పడం అయిందిగా? ఇక వెళ్ళండి."

ఆయన వెళ్ళాడు. క్షమించమని అడగాలని తోటకి వచ్చే దారంతా అనుకున్నాడట. అడగకుండానే తిరిగొచ్చాడు. మర్నాడు క్లినిక్కులో ఆ అమ్మాయి తలెత్తకుండా "మీకు ఫోనొచ్చింది సార్" అంది. ఆ 'సార్' ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. నాన్న చెప్పాడని అర్థమైంది.

పరీక్షల కాగితం రావడానికి ఐదు వారాలు పట్టింది. ఈలోపు ఒక రోజు పొద్దున ఊరంతా గడ్డకట్టే చలి పడింది. ఆ ఏడు గడ్డి మీద మంచు గడ్డకట్టడం అదే మొదలు. ఆ తర్వాత ఒక్క దుప్పి కూడా చచ్చి కనిపించలేదు. ఎలా మొదలయ్యాయో అలాగే ఆగిపోయాయి ఆ చావులు.

కాగితాన్ని ఆఫీసరమ్మ తనే తెచ్చి ఇచ్చింది. పళ్ళబావ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని సాయంత్రం టైర్ల షాపుకెళ్ళాడు. అందరూ అక్కడే ఉన్నారు, పాత టైర్ల మీద కూర్చుని. ఆయన నిలబడే చదివాడు. కడుపులో గాని కాలేజంలో గాని పంటల మందుల జాడ లేదు. జబ్బు సంగతి తేల్చడానికి పంపిన రక్తం దారిలో పాడైపోయింది. చావుకి కారణం తెలియలేదు.

"తెలియలేదంటే అర్థమేంటి?" అన్నాడు బావమరిది.

"తెలియలేదనే."

"అంత చదువుకున్నవాళ్ళు, అన్ని మిషన్లున్నవాళ్ళు. వాళ్ళకి తెలియకపోవడమేంటి బావా?"

"మందు కాదని తెలిసిందిగా. అది చాలదా?"

"వాళ్ళు వెతకని మందైతే?"

పళ్ళబావ గొంతు ఎప్పుడూ లేవదు. ఆ రోజు కూడా పెద్దగా లేవలేదు.

"ఆ రోజు మందు అన్నది నేను. గుర్తుందా? దేన్ని చూసి అన్నానో తెలుసా? దేన్నీ చూసి కాదు. మీరందరూ మాట్లాడకుండా ఉంటే భరించలేక నోరు జారాను. నా దగ్గర ఉన్నదంతా అంతే. దాన్ని పట్టుకుని ఒక మనిషి గేటు విరిగిపోయింది. ఆయన తోటలో పళ్ళు కుళ్ళిపోయాయి. ఆ పిల్ల నాకెదురుగా కూర్చుని ఏడుపు దిగమింగుకుంటోంది."

"అంటే నేను తెలివితక్కువవాణ్ణనా?"

"కాదురా. నీకు బాధేసింది. నాలుగేళ్ళు దాని వెంట తిరిగావు. అది నీ చేతిలో పోలేదు. మరి ఎవడి చేతిలో పోయిందో తెలియాలనుకున్నావు. ఎవడి చేతిలోనూ పోలేదు. దాని మానాన అది పోయింది."

బావమరిది మొహం ఎర్రబడింది. చేతిలో ఉన్న పానా నేలకేసి కొట్టి అందరూ లోపలుండగానే షట్టరు సగానికి లాగేశాడు. సగం షట్టరు కింద నుంచి అందరూ వంగి వంగి బయటికొచ్చారు. అంత కోపంలోనూ చూసేవాళ్ళకి నవ్వొచ్చేలా ఉంది ఆ వరస.

ఆ తర్వాత నాలుగు నెలలు బావమరిది అక్క గడప తొక్కలేదు. ఫోను చేసేవాడు, బావ ఇంట్లో లేడని తెలిస్తే. "ఒరేయ్, నీకు నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, తెలుసా?" అని ఆవిడ అరిచేది. సాయంత్రం మొగుడు ఇంటికి రాగానే "నువ్వయినా వెళ్ళొచ్చుగా?" అని ఇటు అరిచేది. ఇద్దరి మధ్యా ఆవిడ కుట్టు మిషను సూదులు విరిగిపోయాయి.

అలాగని బావమరిది ఏమీ పట్టనట్టు ఊరుకోలేదు. ఒక ఆదివారం జట్టులో ఇద్దర్ని వెంటబెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఇనుప గేటు ఒకటి తీసుకెళ్ళి తోట ముందు బిగించి వచ్చాడు. వారం తిరక్కుండా తోటాయన దాన్ని ఊడదీసి టైర్ల షాపు ముందు దించి పోయాడు. తన గేటు తనే చేయించుకున్నాడు, కర్రతో. ఆ ఇనుప గేటు చాలాకాలం షాపు గోడకి ఆనించి ఉండేది. దాని గురించి ఎవరైనా అడిగితే బావమరిది వినపడనట్టు ఊరుకునేవాడు.

ఎండలు మొదలయ్యాక ఒక రోజు, మధ్యాహ్నం జనం పలచగా ఉండే వేళ చూసుకుని, బావమరిది చెంప చేత్తో పట్టుకుని క్లినిక్కు మెట్లెక్కాడు. గుబురు మీసం వెనక రెండు ముందుపళ్ళు కదులుతున్న సంగతి ఏడాదిగా దాచాడు. వారం క్రితం ఒకటి విరిగింది. రెండోదానికి చీము పట్టింది. ముందు బల్ల దగ్గర తోటాయన కూతురు పెన్ను తీసింది.

"ఏ పన్నండీ?"

చెప్పక తప్పలేదు. చూపించక అసలే తప్పలేదు. ఆ అమ్మాయి ముందు నోరు తెరిచి వేలు పెట్టి చూపించాడు. ఆ అమ్మాయి రాసుకుని "కూర్చోండి" అంది. గంటసేపు ఎదురుగా కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక "నాన్న బాగున్నాడా అమ్మా?" అన్నాడు.

"బాగున్నారు."

"ఆ గేటు..."

"కర్రదే నాన్నకి నచ్చింది" అంది ఆ అమ్మాయి, కాగితం మీద నుంచి తలెత్తకుండా. "మీ వంతొచ్చింది, లోపలికెళ్ళండి."

డాక్టరుగారు ఆ రెండు పళ్ళూ తీసేసి, మానాక రమ్మన్నారు. మూడు వారాలకి మళ్ళీ వచ్చాడు, కొలత ఇవ్వడానికి. డాక్టరుగారు గులాబీరంగు ముద్ద నింపిన అచ్చు నోట్లో పెట్టి నొక్కారు. అంతలో ఏదో ఫోనొచ్చింది. "పళ్ళబావా, కాస్త వచ్చి మూడు నిమిషాలు కదలకుండా పట్టుకో" అని కేకేసి బయటికెళ్ళారు.

పళ్ళబావ వచ్చి అచ్చు మీద రెండు వేళ్ళు ఆనించి నిలబడ్డాడు. నాలుగు నెలల తర్వాత బావాబావమరుదులు ఎదురుపడడం అదే. అందులో ఒకడి నోరు నిండా ముద్ద. బహుశా పళ్ళబావ జన్మలో అంత ధైర్యంగా మాట్లాడింది ఆ మూడు నిమిషాలే.

"మీ అక్క రోజూ నీ గురించే. ఎవరితో ఏం మాట్లాడుతున్నా చివరికి నీ దగ్గరికే వస్తుంది."

"ఊఁ."

"నువ్వు గేటు పెట్టి వచ్చావని తెలిసింది. ఆయన ఊడబీకినా సరే, మంచి పని చేశావు. నాకు నీ మీద కోపం లేదు. నీకుందా?"

"ఊఁ, ఊఁ."

"ఉందనా, లేదనా?"

బావమరిది కళ్ళు పెద్దవి చేసి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని "ఊఁ ఊఁ ఊఁ" అన్నాడు. పళ్ళబావకి నవ్వాగలేదు. "కదలకురా, కొలత పాడైతే పళ్ళు వంకరొస్తాయి" అంటూనే నవ్వాడు. ముద్ద వెనక నుంచి బావమరిదీ నవ్వాడు. డాక్టరుగారు తిరిగొచ్చేసరికి కొలత నిజంగానే పాడైంది. మళ్ళీ తీయాల్సి వచ్చింది.

నోరు పుక్కిలించాక బావమరిది కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

"బావా, ఆ పెద్దాయన దవడలో చీము పట్టిందన్నావు కదూ?"

"పట్టింది."

"నొప్పుండి ఉంటుందా?"

"ఉండే ఉంటుంది. చాలా రోజులు."

"నాకు ఒక్క పన్నుకే వారం నిద్ర లేదు" అన్నాడు బావమరిది మెల్లిగా. "నేనేమో తుపాకీ పట్టుకుని దాని వెంటపడ్డాను, అది దొరలా తిరుగుతోందని."

పళ్ళబావ బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికెళ్ళారు. వాళ్ళావిడ ఇద్దర్నీ గుమ్మంలో నిలబెట్టి పావుగంట తిట్టి, తర్వాత లోపలికి రానిచ్చిందట.

ఇదంతా జరిగి ఆరేళ్ళయింది. పళ్ళబావ ఇప్పుడు వేటకి తుపాకీ తీసుకెళ్ళడు, చేతికర్ర తీసుకెళ్తాడు. అడవిలో చచ్చిన జంతువు కనిపిస్తే చుట్టుపక్కల జట్లన్నీ ముందు ఆయనకే ఫోను చేస్తాయి. దవడలు తెచ్చి ఇస్తాయి. వెనక గదిలో మనుషుల దవడల కింది అర ఇప్పుడు దుప్పులది. కొన్నిటిని చూసి ముసలితనమని చెప్పగలడు. ఎక్కువవాటిని చూసి ఏమీ చెప్పలేడు. ఆఫీసరమ్మ ఇచ్చిన కాగితాల్లో 'కారణం' అన్నచోట 'తెలియదు' అని గుండ్రటి అక్షరాలతో రాస్తాడు. "ఇంకేదైనా రాయొచ్చు కదా" అని ఎవరైనా అంటే "రాయొచ్చు. రాయను" అంటాడు.

దుకాణాలవాళ్ళు మరుసటి ఏడు నుంచే ఆ తోట పళ్ళు మళ్ళీ తీసుకుంటున్నారు, ఏమీ జరగనట్టు. కూతురు క్లినిక్కులోనే ఉంది, పనిలో ఇంకా చురుకైంది. పళ్ళబావతో నవ్వుతూనే మాట్లాడుతుంది. ఆయనా ఆ అమ్మాయికి పిల్లల పళ్ళ అచ్చులు పోయడం నేర్పిస్తున్నాడు. పిలుపు మాత్రం సార్ అనే.

తోటాయనకి పోయిన ఏడు కింది వరస మొత్తం తీసేశారు. పళ్ళ సెట్టు కోసం పక్క ఊరికి బస్సులో ఐదుసార్లు వెళ్ళొచ్చాడు. ఆ సంగతి నేనే పళ్ళబావకి చెప్పాను, కొంచెం జంకుతూ. ఆయన చేతిలో ఉన్న పన్నుని వెలుతురుకేసి పట్టుకుని, అంచు అరగదీసి, దుమ్ము ఊదాడు.

"వెళ్ళనీండి" అన్నాడు. "అక్కడ చేసేవాడు బాగానే చేస్తాడు. నేను చూశాను అతని పని."